జానెడు రంపం, గుప్పెడు కరెంటు

బ్యాటరీ చైన్ రంపం ఇప్పుడు మన ఊళ్లకి కొత్త కాదు. కాపు దిగాక మామిడికొమ్మలు సవరించే రైతు చేతిలో, ఇంటికప్పు మీదికి వాలిన వేపకొమ్మని తీయించుకునేవాళ్ల పెరట్లో, స్నానాలకి ఇంకా కట్టెలపొయ్యి మీదే నీళ్లు కాచుకునే ఇంటి వసారాలో అది కనిపిస్తోంది. నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల పట్టీ, దాని చుట్టూ తిరిగే గొలుసు, పిడిలో మోటారు, పిడి అడుగున బ్యాటరీ. పెట్రోలు రంపం కన్నా ధర బాగా తక్కువ, బరువూ తక్కువ, తాడు లాగి స్టార్ట్ చేసే శ్రమ లేదు.

దాన్ని కొన్నవాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. మొదటిరోజు అడిగేది: "ఇంత చిన్న బ్యాటరీ ఇంత లావు కొమ్మని ఎలా కోసింది?" కొన్నాళ్లు వాడాక అడిగేది: "మొదట్లో అంత బాగా కోసింది కదా, ఇప్పుడెందుకు చతికిలబడుతోంది?" ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ఆ రంపంతో ఏ పని చేయాలో, ఏది చేయకూడదో కూడా తెలిసిపోతుంది. ఆ జవాబు కోసం బ్యాటరీ దగ్గర బయల్దేరి, పంటి మొన దాకా వెళ్లి, అక్కణ్నుంచి కొమ్మ లోపలికి చూద్దాం.

ముందుగా ఒక చిన్న చరిత్ర. కరెంటు రంపం పెట్రోలు రంపానికి తమ్ముడనుకుంటాం గానీ, నిజానికి అన్నే. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ 1926లో తయారుచేసిన మొదటి గొలుసు రంపం కరెంటుదే. బరువు 64 కిలోలు. దాన్ని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. ఆయన పెట్రోలు రంపం 1929లో వచ్చింది. తీగకి కట్టేసిన యంత్రం అడవిలోకి వెళ్లలేదు గనక ఆ తర్వాత దశాబ్దాల పాటు పెట్రోలుదే పైచేయి అయింది. ఆ తీగ అవసరాన్ని తీసేసింది లిథియం బ్యాటరీ.

పెట్టె మీది అంకె, పెట్టె లోపలి శక్తి

బ్యాటరీ పెట్టెలో వేలెడంత స్తూపాలు వరసగా పేర్చి ఉంటాయి. ఎక్కువగా వాడే రకానికి అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు, పొడవు 65 మిల్లీమీటర్లు; 18650 అన్న పేరు అందుకే. వీటిని లిథియం అయాన్ కణాలంటారు. ఈ జాతి బ్యాటరీని సోనీ సంస్థ 1991లో తొలిసారి మార్కెట్‌లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

ఒక్కో కణం సగటున 3.6 వోల్టులు ఇస్తుంది. నిండా చార్జి అయిన క్షణాన 4.2 ఇస్తుంది. అయిదు కణాల్ని ఒకదాని వెనక ఒకటి కలిపితే సగటున 18 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు 21. కాబట్టి ఒక రంపం మీద 18 అనీ, పక్క రంపం మీద 21 అనీ రాసి ఉంటే రెండోది బలమైనదని అర్థం కాదు. రెండింటిలోనూ అవే అయిదు కణాలు ఉండొచ్చు.

కొన్ని చవక పెట్టెల మీద 48, 88 లాంటి అంకెలు కూడా కనిపిస్తాయి. 88 వోల్టులు రావాలంటే నిండుగా ఉన్నప్పుడైనా కనీసం 21 కణాలు వరసగా ఉండాలి. ఒక్కో కణం బరువు సుమారు 45 గ్రాములు. అంటే కణాలే దాదాపు కిలో తూగాలి. పెట్టె 300 గ్రాములే తూగితే అందులో ఉన్నవి అయిదారు కణాలే. అంకెల గారడీని తేల్చడానికి యంత్రశాస్త్రం చదవక్కర్లేదు, కొట్లో త్రాసు చాలు.

వోల్టుల కన్నా ముఖ్యమైనది మొత్తం శక్తి. అయిదేసి కణాల వరసలు రెండు ఉన్న మంచి పెట్టెనే తీసుకుందాం: 18 వోల్టులు, 4 ఆంపియర్ గంటలు. రెండూ గుణిస్తే 72 వాట్ గంటలు. కరెంటు బిల్లులో మనకి తెలిసిన యూనిట్ అంటే 1000 వాట్ గంటలు. అంటే ఆ పెట్టె నిండా ఉన్నది యూనిట్‌లో పద్నాలుగో వంతు. ఇంటి కరెంటు మీద దాన్ని చార్జి చేయడానికి రూపాయి కూడా కాదు.

ఇప్పుడు పెట్రోలు. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఆ లెక్కన మన బ్యాటరీ 8 మిల్లీలీటర్ల పెట్రోలుతో సమానం, అంటే చెంచాన్నర. అయితే చిన్న పెట్రోలు ఇంజను తాగినదాంట్లో ఏ అయిదో వంతునో పనిగా మారుస్తుంది; మిగతాదంతా వేడిగా పోతుంది. మోటారు ముప్పాతిక దాకా పనిగా మార్చగలదు. ఆ తేడా కలుపుకున్నా మన బ్యాటరీ చేసే పని సుమారు 30 మిల్లీలీటర్ల పెట్రోలు చేసే పనంత. పెట్రోలు రంపం ట్యాంకు నింపుకుని చాలాసేపు ఎందుకు పనిచేస్తుందో, ఇది మధ్యలోనే చార్జరు ఎందుకు అడుగుతుందో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది.

ఇంకో లెక్క ఇంతకన్నా ఆశ్చర్యంగా ఉంటుంది. ఎండిన కట్టె కిలోలో దాదాపు 4 యూనిట్ల శక్తి ఉంది. కాబట్టి బ్యాటరీలోని శక్తి మొత్తం 18 గ్రాముల కట్టెలో ఉన్నంత. పొయ్యి రాజేయడానికి వాడే నాలుగు పుల్లలంత! ఆ కాస్త శక్తితోనే మోపులకొద్దీ కట్టెలు ఎలా కోయగలుగుతున్నాం? ఎందుకంటే రంపం కొమ్మ మొత్తం జోలికి పోదు. కోత పడినచోట నాలుగైదు మిల్లీమీటర్ల మందాన్ని మాత్రమే పొట్టు చేస్తుంది. అటూ ఇటూ ఉన్న కట్టె కట్టెలాగే మిగిలిపోతుంది. మొదటి ప్రశ్నకి జవాబు ఇదే: కోత సన్నం కాబట్టే చిన్న బ్యాటరీ సరిపోతోంది. ఇక ఆ సన్నటి కోతలో శక్తి ఎలా ఖర్చవుతుందో చూడాలి.

కోసేది పన్ను

గొలుసు పన్ను ఎలా కోస్తుందో అర్థం కావాలంటే వడ్రంగి చేతిలోని దూగాడని గుర్తుతెచ్చుకోండి. తెలంగాణలో రందా అంటారు. దాని అడుగున బ్లేడు అంచు కాస్తంత బయటికి వచ్చి ఉంటుంది. ఎంత బయటికి వస్తే చెక్క మీద అంత మందం పొర లేస్తుంది. దూగాడ అడుగుభాగం చెక్కకి ఆనుకుని ఉండటం వల్ల బ్లేడు అంతకన్నా లోతుకి దిగదు. బ్లేడు పదునుగా ఉంటే వడ్రంగి చేయి హాయిగా సాగిపోతుంది. మొద్దుబారితే చెమటలు పడతాయి, పొరలకి బదులు పొడి రాలుతుంది.

గొలుసులోని ప్రతి కోతపన్నూ ఒక బుల్లి దూగాడే. వెనకవైపు పదునైన అంచు ఉంటుంది. దాని ముందు చిన్న బొడిపె ఉంటుంది. అంచు కన్నా అర మిల్లీమీటరుకి కాస్త పైగా తక్కువ ఎత్తు. ఆ తేడాయే పొర మందం. ఈ బొడిపెని లోతుమట్టం అందాం. ఒక పన్ను కోతకి కుడిపక్కన చెక్కితే తర్వాతి పన్ను ఎడమపక్కన చెక్కుతుంది. రెండూ కలిసి కోత గాడిని ఏర్పరుస్తాయి.

ఈ పన్నుకి గురువు ఒక పురుగు. ఒకప్పటి గొలుసు పళ్లు చేతిరంపం పళ్లలా కట్టెని గీరేవి. ఎప్పుడూ ఆకురాయి పట్టి ఉండాల్సి వచ్చేది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో కలప నరికే పని చేసిన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ 1946లో ఒక మొద్దుని తొలుచుకుపోతున్న పురుగు పిల్లని గమనించాడు. అది పోగుకి అడ్డంగానూ నిలువుగానూ ఒకే తేలికతో సాగుతోంది. దాని దవడలు రెండూ వంపు తిరిగి, కుడికీ ఎడమకీ మార్చిమార్చి తొలుస్తున్నాయి. ఆ దవడల తీరునే ఆయన ఉక్కులో పోతపోశాడు. ఇవాళ మన చేతిలోని చవక గొలుసు కూడా ఆ వంశానిదే.

ఇక రెండో ప్రశ్న. రంపం బలం తగ్గిందని అనిపించినప్పుడు చాలామంది బ్యాటరీని అనుమానిస్తారు. ముందుగా అనుమానించాల్సింది పన్నుని. పదునైన పన్ను కట్టెని తునకలుగా చెక్కి బయట పడేస్తుంది. మొద్దుబారిన పన్ను పోగుల్ని నలుపుతుంది, రుద్దుతుంది, వేడెక్కిస్తుంది. అదే గాడి తవ్వడానికి ఎన్నో రెట్లు ఎక్కువ చోట్ల కట్టె నలగాలి. అది చాలదన్నట్టు మనం రంపాన్ని ఇంకా గట్టిగా నొక్కుతాం. పట్టీకీ గొలుసుకీ మధ్య రాపిడి పెరుగుతుంది, మోటారు బరువెక్కుతుంది, బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. తప్పు పంటిది, నింద బ్యాటరీది.

పరీక్ష తేలిక. కోతలోంచి రాలేదాన్ని చూడండి. తునకలు తునకలుగా పడుతుంటే పదును ఉన్నట్టు. సన్నటి పొడి రాలుతుంటే పోయినట్టు. అప్పుడు బ్యాటరీ ఊడదీసి, గొలుసు సైజుకి తగిన గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నునీ సుమారు 30 డిగ్రీల వాలులో, ముందుకి మాత్రమే తోస్తూ, అన్నింటికీ సమానంగా రెండు మూడు సార్లు సాన పట్టాలి. ఒక పక్క పళ్లు పెద్దవిగా, మరో పక్కవి చిన్నవిగా మిగిలితే కోత ఒక వైపుకి వంకర పోతుంది.

పదునుకి పెద్ద శత్రువు ఇసుక. నేల మీది దుంగని కోస్తూ పట్టీ మట్టిలోకి దిగితే ఆ ఒక్క క్షణం చాలు, పళ్లన్నీ మొద్దుబారతాయి. బురద పట్టిన బెరడు కూడా అంతే. కొబ్బరి, తాటి మాన్లలో ఇసుకజాతి పదార్థమైన సిలికా రేణువులు సహజంగానే ఉంటాయి. అందుకే అవి పీచులా మెత్తగా కనిపించినా పళ్లని త్వరగా తినేస్తాయి.

రెండో శత్రువు ఎండిపోయిన పట్టీ. గొలుసు పట్టీ గాడిలో ఉక్కు మీద ఉక్కు రాసుకుంటూ పరిగెత్తుతుంది. ఆ మధ్యలో నూనె పొర లేకపోతే శక్తి వేడిగా మారి పోతుంది, గొలుసు వేడికి సాగి వదులవుతుంది. చవక రంపాల్లో చాలావాటికి తనంత తాను నూనె పోసుకునే ఏర్పాటు లేదు. ప్రతి కొన్ని కోతలకీ నాలుగు చుక్కలు మనమే వేయాలి. జిగురు గుణమున్న చైన్ ఆయిల్ అయితే గొలుసుని అంటిపెట్టుకుని ఉంటుంది.

మందం రెట్టింపు, పని నాలుగింతలు

"ఒక్క చార్జికి ఎన్ని కొమ్మలు కోస్తుంది?" అని అడిగితే, ఎంత లావు కొమ్మలో చెప్పందే జవాబు లేదు. రంపం తినేది కొమ్మ మందాన్ని కాదు, కోత ముఖపు వైశాల్యాన్ని. 5 సెంటీమీటర్ల కొమ్మ కోత ముఖం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్లదైతే 79. 20 సెంటీమీటర్లదైతే 314. మందం రెట్టింపైన ప్రతిసారీ పని నాలుగింతలవుతుంది. 5 సెంటీమీటర్ల కొమ్మలు 80 కోసే బ్యాటరీ 10 సెంటీమీటర్లవి 20, 20 సెంటీమీటర్లవి అయిదు మాత్రమే కోయగలదు.

నిజానికి లావు కొమ్మ దగ్గర పరిస్థితి లెక్క కన్నా కాస్త అధ్వానంగానే ఉంటుంది. లావు కొమ్మలో ఒకేసారి ఎక్కువ పళ్లు కట్టెని తాకుతాయి. పొట్టు గాడిలోంచి బయటపడటానికి ఎక్కువ దూరం పోవాలి. మోటారు వేగం పడిపోతుంది. పెట్రోలు రంపం గొలుసు సెకనుకి 20 మీటర్ల దాకా పరిగెత్తుతుంది. బుల్లి బ్యాటరీ రంపం గొలుసు అందులో సగానికి కూడా చేరదు. అందుకే పట్టీ పొడవులో సగం, మహా అయితే మూడింట రెండు వంతుల మందం దాకా దీన్ని వాడటం తెలివైన పని.

కట్టె జాతి కూడా లెక్కలోకి వస్తుంది. పచ్చి సుబాబుల్ తేలిగ్గా తెగుతుంది. ఎండిన తుమ్మ, సరుగుడు, చింత దగ్గర అదే రంపం మొరాయిస్తుంది. పచ్చి కట్టె పోగులు నీటితో నాని మెత్తగా ఉంటాయి, ఎండేకొద్దీ బిగుసుకుంటాయి. కాబట్టి గట్టి జాతి కట్టెని పచ్చిగా ఉన్నప్పుడే తుండులుగా కోసి, తర్వాత ఎండబెట్టుకుంటే బ్యాటరీకీ చేతికీ మేలు.

మోటారు ఆగిన క్షణం

కోతలో రంపం ఇరుక్కుని గొలుసు ఆగిపోయిందనుకోండి. మనకి యంత్రం పని మానేసినట్టు కనిపిస్తుంది. లోపల జరిగేది దానికి తలకిందులు. తిరుగుతున్న మోటారు తనలోనే ఎదురు వోల్టేజిని పుట్టించుకుని కరెంటుని అదుపులో పెట్టుకుంటుంది. ఆగిపోతే ఆ అదుపు పోతుంది. కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. పని సున్నా, వేడి అత్యధికం. ఆ స్థితిలో మీట నొక్కి పట్టుకోవడం కన్నా రంపానికి చెరుపు చేసే పని ఇంకొకటి లేదు.

కణాల వరసల ప్రాముఖ్యం కూడా ఇక్కడే తెలుస్తుంది. మోటారు 500 వాట్లు లాగుతోందనుకుందాం. 18 వోల్టుల మీద అది దాదాపు 28 ఆంపియర్లు. పెట్టెలో ఒకటే వరస ఉంటే ప్రతి కణమూ ఆ 28 ఆంపియర్లనీ భరించాలి. రెండు వరసలుంటే ఒక్కోదాని వాటా 14. వేడి కరెంటుకి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, కరెంటు సగమైతే ఒక్కో కణంలో పుట్టే వేడి నాలుగో వంతుకి దిగుతుంది. అదే రంపానికి పెద్ద బ్యాటరీ తగిలిస్తే ఎక్కువసేపు రావడమే కాక, గట్టిగానూ కోసినట్టు అనిపించడానికి కారణం ఇది.

మోటార్లలోనూ రెండు రకాలున్నాయి. పాత పద్ధతి మోటారులో బొగ్గు బ్రష్షులు తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంటుని అందిస్తాయి. రాపిడి, నిప్పురవ్వలు, అరుగుదల తప్పవు. బ్రష్‌లెస్ మోటారులో ఆ పనిని ఎలక్ట్రానిక్ సర్క్యూటు చేస్తుంది. ధర ఎక్కువే గానీ అదే బ్యాటరీ నుంచి ఎక్కువ పని రాబడుతుంది. ఏ మోటారైనా సూత్రం ఒకటే: చప్పుడు దిగజారుతోందంటే చేతి బరువు తగ్గించాలి. రంపాన్ని నొక్కకూడదు, పళ్లని వాటి పని చేసుకోనివ్వాలి.

కొమ్మ లోపలి లాగుడు, నొక్కుడు

ఇంతవరకు రంపం సంగతి. కొమ్మకి కూడా తనదైన శక్తి ఉంది. అడ్డంగా పెరిగిన కొమ్మ తన బరువుకి ఎప్పుడూ కిందికి వంగజూస్తుంది. దానివల్ల పైభాగపు పోగులు సాగి బిగుసుకుంటాయి, అడుగుభాగపు పోగులు నలిగి ముడుచుకుంటాయి. పైన లాగుడు, కింద నొక్కుడు. నొక్కుడు ఉన్న వైపు నుంచి లోతుగా కోస్తే గాడి మూసుకుపోయి పట్టీని బిగించేస్తుంది. లాగుడు ఉన్న వైపు నుంచే పూర్తిగా కోస్తే చివర్లో కొమ్మ టప్పున విరిగి, అడుగు బెరడుని మాను దాకా చీల్చుకుంటూ పడుతుంది. చెట్టుకి అది మానరాని గాయం.

అందుకే తోటపని తెలిసినవాళ్లు మూడు కోతలు పెడతారు. మానుకి జానెడు దూరంలో అడుగు నుంచి మూడో వంతు మందం దాకా మొదటి కోత. దానికి కాస్త బయటగా పైనుంచి రెండో కోత. కొమ్మ బరువంతా ఇక్కడ దిగిపోతుంది, చీలిక మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన మోడుని తీసేది మూడో కోత. అది మానుకి చెక్కేసినట్టు ఉండకూడదు, మోడు మిగిలేలానూ ఉండకూడదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా, ముడతలుగా కనిపించే కొమ్మ మెడకి సరిగ్గా బయట పడాలి.

ఆ మెడకి ఉన్న విలువని లోకానికి చెప్పినవాడు అలెక్స్ షైగో. అమెరికా అటవీ సర్వీసులో పనిచేస్తూ వేల చెట్లని చీల్చి లోపల పరిశీలించాడు. మన చర్మం మానినట్టు చెట్టు గాయం మానదని, చెట్టు ఆ భాగం చుట్టూ రసాయనిక గోడలు కట్టి కుళ్లుని అక్కడే బంధిస్తుందని 1970లలో వివరించాడు. ఆ గోడ కట్టే కణజాలం కొమ్మ మెడలోనే ఉంది. మెడని కోసేస్తే చెట్టు తనని తాను కాపాడుకునే ఆయుధాన్నే కోసేసినట్టు.

పడిపోయిన చెట్టు దగ్గర లాగుడూ నొక్కుడూ తారుమారవుతాయి. మాను రెండు చివర్లా ఆని మధ్యలో గాలిలో ఉంటే పైన నొక్కుడు, కింద లాగుడు. ముందు పైనుంచి మూడో వంతు కోసి, తర్వాత అడుగు నుంచి కలపాలి. ఒక చివరే ఆని ఉంటే అంతా అటుదిటు. తుపాను పడగొట్టిన చెట్ల దగ్గర ఈ తెలివిడి ప్రాణాలు కాపాడుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ విశాఖపట్నంలోని చెట్లని, 2018 అక్టోబర్‌లో తిత్లీ ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడు చెట్లు ఒకదాని మీద ఒకటి పడి, వంగిన విల్లుల్లా బిగుసుకుని ఉండిపోయాయి. అలాంటి గుట్టలో మొదటి కోత ఎక్కడ పెట్టాలో తెలియకపోతే పెట్టకపోవడమే మంచిది. పడిన మానుని కింద కొమ్మలు మోస్తుంటే వాటిని చివరికి వదిలేయాలి. ముందు తీస్తే మాను దొర్లి కాళ్ల మీదికి వస్తుంది. కరెంటు తీగ తగిలి ఉన్న చెట్టు జోలికి లైన్ ఆపించందే వెళ్లకూడదు.

ఎదురుతన్నుడు

పట్టీ పైభాగంలో గొలుసు మననుంచి దూరంగా పరిగెత్తి, ముక్కు దగ్గర మలుపు తిరిగి, అడుగున మన వైపుకి తిరిగొస్తుంది. పట్టీ అడుగుతో కోస్తే గొలుసు రంపాన్ని కట్టె వైపుకి లాక్కుంటుంది, రంపం నిలకడగా ఉంటుంది. పట్టీ పైభాగంతో కోస్తే రంపాన్ని మన వైపుకి తోస్తుంది. ముక్కు పైభాగపు మూల కట్టెకి తగిలితే? అక్కడ పళ్లు ముందుకీ కిందికీ దూసుకెళ్తుంటాయి. అవి తగులుకుని ఆగితే ఆ వేగమంతా పట్టీని పైకీ వెనక్కీ, అంటే మన ముఖం వైపుకి విసిరేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. మనం ఎదురుతన్నుడు అందాం. ఇది మనిషి తేరుకునేలోపే జరిగిపోతుంది.

చిన్న రంపం కదా అన్న చులకన ఇక్కడే ప్రమాదం తెస్తుంది. పట్టీ పొట్టిది కాబట్టి ముక్కు ఎప్పుడూ కోత దగ్గరే ఉంటుంది. ఒంటిచేత్తో నడపొచ్చు కాబట్టి రెండో చెయ్యి కొమ్మని పట్టుకోవడానికి వెళ్తుంది, సరిగ్గా గొలుసు దారిలోకి. పైగా బ్యాటరీ రంపం ఊరికే ఉన్నప్పుడు చప్పుడు చేయదు. మీట తగిలిన మరుక్షణం పూర్తి వేగం అందుకుంటుంది. పెట్రోలు రంపం గర్జించి హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించదు.

కాబట్టి కొన్ని నియమాల్లో రాజీ ఉండకూడదు. ముక్కు మీది కవచాన్ని ఊడదీయకూడదు. రెండు చేతుల పిడి ఉంటే రెండు చేతులూ వాడాలి. కోసే కొమ్మని చేత్తో పట్టుకోకూడదు; దుంగ మీద ఆనించి కదలకుండా చేయాలి. భుజం కన్నా ఎత్తులో కోయకూడదు. నిచ్చెన మీద నిలబడి అసలే కోయకూడదు. కళ్లజోడు, బూట్లు తప్పనిసరి. గొలుసుని తాకే ముందు బ్యాటరీ ఊడి మన జేబులోనో నేల మీదో ఉండాలి.

పొయ్యిలోకి వెళ్లేదాకా

ఇక కట్టెల తయారీ. కట్టె పోగులు నిలువుగా ఉంటాయి. పోగుల్ని అడ్డంగా తెంచాలంటే చాలా బలం కావాలి. పోగుల మధ్య విడదీయడం ఎంతో తేలిక. అడ్డుకోతకి రంపం, నిలువు చీలికకి గొడ్డలి అన్న పాత పద్ధతి వెనక ఉన్న శాస్త్రం ఇది. తుండుని రంపంతో నిలువుగా కోయబోతే కోత ముఖం ఎన్నో రెట్లు పెరిగి బ్యాటరీ వృథాగా పోతుంది. గొడ్డలి ఒక్క దెబ్బతో ఆ పని చేస్తుంది. అలాగే బొటనవేలి లావుకి మించని రెమ్మల మీద రంపం పెట్టకూడదు. అవి గొలుసుకి చుట్టుకుని కొట్టుకుంటాయి. వాటికి కత్తే సరి.

తుండు ఎంత పొడవుండాలి? మూడు మీటర్ల కొమ్మని అడుగు ముక్కలు చేయాలంటే తొమ్మిది కోతలు. అడుగున్నర ముక్కలైతే ఆరు కోతలు చాలు. బ్యాటరీలో మూడో వంతు మిగులుతుంది. కానీ చెట్టులో నీళ్లు పోగుల వెంటే నిలువుగా ప్రయాణిస్తాయి. ఎండేటప్పుడు కూడా కోసిన ముఖాల్లోంచే వేగంగా బయటికి వస్తాయి. అందుకే పొట్టి తుండు త్వరగా ఎండుతుంది, చీల్చింది ఇంకా త్వరగా. పొయ్యి నోరు ఎంతో చూసుకుని, అందులో పట్టేంత పొడవు ఉంచి, లావువాటిని చీల్చుకోవడం మంచి మధ్యేమార్గం.

ఎండబెట్టడం ఎందుకంత ముఖ్యం? పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. 10 కిలోల పచ్చి కట్టెలో 5 కిలోల నీళ్లున్నాయనుకుందాం. ఆ నీళ్లని మరిగించి ఆవిరి చేయడానికి దాదాపు మూడున్నర యూనిట్ల వేడి పోతుంది. అది మన బ్యాటరీని యాభైసార్లు నింపగల శక్తి! అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. తడి కట్టె మంటని చల్లారుస్తుంది, సగం కాలిన వాయువులు పొగగా మారతాయి. ఆ పొగ వెళ్లేది పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి. కోసిన కట్టెని నేలకి తగలకుండా, మధ్యలో గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే కప్పి, తేమ అయిదో వంతుకన్నా తగ్గేదాకా ఆగాలి. రెండు కట్టెల్ని ఒకదానితో ఒకటి తాటిస్తే ఖంగున మోగాలి; దబ్బుమంటే ఇంకా పచ్చిదే.

మన ఎండల్లో బ్యాటరీ

లిథియం కణానికి వేడి పడదు. 45 డిగ్రీలు దాటిన వేడిలో దాన్ని చార్జి చేయకూడదు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గాలి వేడే అంత ఉంటుంది. అప్పుడే కోత ఆపిన బ్యాటరీ దానికన్నా వేడిగా ఉంటుంది. దాన్ని నీడలో చల్లారనిచ్చి, చేతికి మామూలుగా తగిలాకే చార్జరుకి పెట్టాలి. నెలల తరబడి వాడనప్పుడు నిండుగానూ, పూర్తి ఖాళీగానూ ఉంచకూడదు. సగం చార్జితో చల్లటి చోట పెట్టాలి. పూర్తిగా దిగిపోయిన కణాన్ని వానాకాలమంతా అలాగే వదిలేస్తే మళ్లీ లేవకపోవచ్చు. ఉబ్బిన, కాలిన వాసన వస్తున్న పెట్టెని చార్జి చేయడం నిప్పుతో చెలగాటం.

ఇక కొనేవాళ్లకి నేను చెప్పేది ఇది. మణికట్టు నుంచి మోచేయి లావు దాకా ఉన్న కొమ్మలు మీ పని అయితే ఈ చవక రంపం నిజంగా పనికొచ్చే వస్తువు. చెట్లు కొట్టడం మీ పని అయితే ఇది చాలదు. ఆ పనికి వేరే రంపమూ, చెట్లని కాపాడే వాల్టా చట్టం అడిగే అనుమతీ కావాలి. పెట్టె మీది వోల్టుల కోసం అదనపు డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బుతో రెండు వరసల కణాలున్న బ్యాటరీ, గుండ్రటి ఆకురాయి, నూనెడబ్బా, కళ్లజోడు కొనండి. బ్యాటరీలో ఉన్న శక్తిని మనం పెంచలేం. అది పళ్ల మొన దాకా చేరేలా చూడటం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. ఆకురాయి పట్టడం నేర్చుకున్న మనిషి చేతిలో రెండువేల రూపాయల రంపం, నేర్చుకోని మనిషి చేతిలోని ఖరీదైన రంపం కన్నా ఎక్కువ కట్టె కోస్తుంది, తక్కువ ప్రమాదంతో.